8 ఓటములతో నాలుగో స్థానం.. అవే 8 ఓటములతో ఛాంపియన్! షిమిజు ఎస్-పల్స్ జాతకం ఎలా మారింది?

లీగ్‌లో తక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టు పైన ఉంటుంది, ఎక్కువ ఓడిన జట్టు కింద ఉంటుంది.. అంతే కదా అనుకుంటాం. కానీ జపాన్ రెండో డివిజన్ ఫుట్‌బాల్ లీగ్ 'జే2' పాయింట్ల పట్టిక 2024లో ఆ లెక్కను తిరగేసింది.

2024 సీజన్‌లో టైటిల్ కొట్టిన షిమిజు ఎస్-పల్స్ 38 మ్యాచ్‌ల్లో 8 ఓడింది. రెండో స్థానంలో నిలిచిన యొకోహామా ఎఫ్‌సీ ఓడింది 6. మూడో స్థానంలో ఉన్న వీ-వారెన్ నాగసాకి ఓడింది 5 మాత్రమే. అంటే పైన ఉన్న మూడు జట్లలో ఎక్కువ సార్లు ఓడిన జట్టే ఛాంపియన్!

ఇంకో విచిత్రం ఉంది. ఇదే షిమిజు అంతకుముందు ఏడాది, అంటే 2023లో కూడా సరిగ్గా 8 మ్యాచ్‌లే ఓడింది. అప్పుడు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ప్లే-ఆఫ్ ఫైనల్లో చివరి నిమిషాల దాకా గెలుస్తూ కూడా టాప్ డివిజన్ 'జే1' బెర్త్ పోగొట్టుకుంది.

ఓటములు మారలేదు. కోచ్ మారలేదు. మరి ఏం మారింది? ఒక్కటే. 2023లో ఆ జట్టు 14 మ్యాచ్‌లు డ్రా చేసుకుంది. 2024లో 4 మాత్రమే.

ప్లే-ఆఫ్స్ కూడా ముగిశాక, 2025లో జే1లో ఎవరెవరు ఆడాలో ఖరారైంది. కాబట్టి ఈ రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా.. ఎవరీ షిమిజు?

జపాన్‌లో షిజుయోకా ప్రాంతానికి ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువ. ఆ దేశంలో దాన్ని 'సాకర్ రాజ్యం' అనే పిలుస్తారు. అక్కడి రేవు పట్టణం షిమిజు. 2003లో షిజుయోకా నగరంలో కలిసిపోయింది కానీ, క్లబ్ పేరులో మాత్రం పాత ఊరి పేరే ఉండిపోయింది.

1993లో జే-లీగ్ మొదలైనప్పుడు ఉన్న 10 క్లబ్బుల్లో ఇదొకటి. మిగతా జట్లలో చాలావరకు పెద్ద పెద్ద కంపెనీల ఫుట్‌బాల్ జట్ల నుంచి పుట్టుకొచ్చినవే. షిమిజు వెనక అలాంటి కంపెనీ జట్టేదీ లేదు. ఊరి క్లబ్‌గానే మొదలైంది. 1990ల చివర్లో డబ్బుల్లేక మూతపడే పరిస్థితి వస్తే, అదే ఊరికి చెందిన సరకు రవాణా సంస్థ సుజుయో ముందుకొచ్చి నిలబెట్టింది. నారింజ రంగు జెర్సీలు, స్టాండ్స్‌లో సాంబా డప్పులు, వాతావరణం బాగుంటే స్టేడియం నుంచి కనిపించే ఫుజి పర్వతం.. ఇవీ ఆ క్లబ్ గుర్తులు.

కానీ ట్రోఫీలు తక్కువే. 1996లో లీగ్ కప్ గెలిచింది. 1999లో జే-లీగ్ రెండో దశలో టాప్‌లో నిలిచినా, ఏడాది టైటిల్ కోసం జరిగిన పోరులో పొరుగు జట్టు జుబిలో ఇవాటా చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. ఏడాది మొత్తానికి లీగ్ ఛాంపియన్ అనిపించుకోవడం ఏ డివిజన్‌లో అయినా ఆ క్లబ్‌కు ఇదే మొదటిసారి. అందుకే రెండో డివిజన్ ట్రోఫీ అయినా షిమిజులో దానికి అంత విలువ.

2023: గోల్స్ ఉన్నాయి.. పాయింట్లే లేవు

2022లో షిమిజు జే1లో 17వ స్థానంలో నిలిచి కిందకి పడిపోయింది. ఆ సీజన్లో జే1 టాప్ స్కోరర్ ఎవరో తెలుసా? షిమిజు స్ట్రయికర్ థియాగో సాంటానా. 14 గోల్స్ కొట్టాడు. టాప్ స్కోరర్ ఉన్న జట్టే డివిజన్ దిగిపోయింది!

ఆ తర్వాత కూడా జట్టు పెద్దగా చెదరలేదు. సాంటానా ఉన్నాడు. ఖతార్ వరల్డ్ కప్‌లో జర్మనీ, స్పెయిన్‌లను జపాన్ ఓడించినప్పుడు గోల్‌పోస్ట్ ముందు నిలబడ్డ షుయిచి గోండా ఉన్నాడు. 2018 వరల్డ్ కప్‌లో బెల్జియం మీద గోల్ కొట్టిన తకాషి ఇనుయి ఉన్నాడు. రెండో డివిజన్‌కు ఇది చాలా ఎక్కువ. ఏడాదిలో తిరిగి పైకి వచ్చేస్తారని అందరూ అనుకున్నారు.

తీరా చూస్తే తొలి మ్యాచ్‌లో సొంతగడ్డపై మిటో హోలీహాక్‌తో 0-0 డ్రా. అలా మొదలై తొలి 7 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. 5 డ్రాలు, 2 ఓటములు. ఏప్రిల్ మొదట్లోనే బ్రెజిల్ కోచ్ జె రికార్డోకు ఉద్వాసన పలికారు. అసిస్టెంట్‌గా ఉన్న తదాహిరో అకిబాకు పగ్గాలు ఇచ్చారు. ఈయన 2022 వరకు మూడేళ్లు మిటో జట్టుకే కోచ్.

అకిబా వచ్చాక బండి గాడిన పడింది. మే నెలలో ఇవాకి ఎఫ్‌సీ మీద ఏకంగా 9-1తో గెలిచారు. అక్టోబర్‌లో షిజుయోకా డెర్బీలో జుబిలో ఇవాటాను 1-0తో ఓడించారు. చివరి రౌండ్ వచ్చేసరికి రెండో స్థానం. 73 పాయింట్లు. వెనకే 72 పాయింట్లతో ఇవాటా, టోక్యో వెర్డీ.

జే2లో మొదటి రెండు జట్లు నేరుగా జే1కి వెళ్తాయి. మచిదా జెల్వియా అప్పటికే ఛాంపియన్ అయిపోయింది. కాబట్టి చివరి మ్యాచ్ గెలిస్తే చాలు, షిమిజు పైకి వెళ్లిపోతుంది. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? మళ్లీ మిటోనే. అకిబా పాత జట్టు.

ఫలితం 1-1 డ్రా.

అదే సమయానికి ఇవాటా తొచిగిలో 2-1తో, వెర్డీ ఒమియాలో 2-0తో గెలిచాయి. రెండో స్థానంలో ఉన్న షిమిజు 90 నిమిషాల్లో నాలుగో స్థానానికి జారిపోయింది.

ఇక్కడ ఇవాటా గురించి ఒక మాట. ఒక విదేశీ ఆటగాడి కాంట్రాక్ట్ గొడవలో ఫిఫా నిషేధం పడటంతో ఆ ఏడాది ఇవాటా కొత్త ఆటగాళ్లను తెచ్చుకోలేకపోయింది. ఉన్నవాళ్లతో, అకాడమీ కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు అది. వరల్డ్ కప్ ఆటగాళ్లున్న షిమిజును ఒక్క పాయింట్ తేడాతో దాటేసింది.

ఆ ఒక్క రూల్.. ఇచ్చింది, తీసుకుంది

మూడు నుంచి ఆరు స్థానాల్లో ఉన్న జట్లకు ప్లే-ఆఫ్ ఛాన్స్ ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మ్యాచ్ డ్రా అయితే అదనపు సమయం ఉండదు, పెనాల్టీ షూటౌట్ ఉండదు. లీగ్ పట్టికలో పైన ఉన్న జట్టే గెలిచినట్టు.

మన ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. 2023 ఐపీఎల్ ఫైనల్ వానతో రిజర్వ్ డేకి వెళ్లినప్పుడు, ఆట జరగకపోతే టేబుల్ టాపర్ గుజరాత్‌కే కప్పు అని లెక్కలు వేసుకున్నాం కదా. దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ వాన అక్కర్లేదు, స్కోర్లు సమమైతే చాలు.

సెమీఫైనల్లో షిమిజు ఐదో స్థానంలోని మోంటెడియో యామగాటాతో 0-0 డ్రా చేసుకుంది. నాలుగో స్థానం కాబట్టి ఫైనల్‌కు వెళ్లింది. రూల్ వాళ్లకు కలిసొచ్చింది.

2023 డిసెంబర్ 2న టోక్యో నేషనల్ స్టేడియంలో ఫైనల్. మూడో స్థానంలోని టోక్యో వెర్డీతో మ్యాచ్. చూడటానికి 53,264 మంది వచ్చారు. ఈ రెండు జట్లకు పాత లెక్కలూ ఉన్నాయి. 1992, 1993 లీగ్ కప్ ఫైనల్స్‌లో షిమిజును ఓడించింది వెర్డీయే. 1996లో అదే కప్ ఫైనల్లో షిమిజు బదులు తీర్చుకుంది.

63వ నిమిషంలో పెనాల్టీతో సాంటానా గోల్ కొట్టాడు. షిమిజు 1-0. అలాగే 90 నిమిషాలు గడిచాయి. ఇంజురీ టైమ్‌లో వెర్డీ కుర్రాడు ఇత్సుకి సొమెనో బాల్‌తో పెనాల్టీ బాక్స్‌లోకి దూసుకొచ్చాడు. షిమిజు డిఫెండర్ స్లైడ్ చేసి ఆపబోయాడు. ఫౌల్. పెనాల్టీ. ఆ పెనాల్టీ సొమెనోనే కొట్టాడు. 1-1. అప్పటికి 96వ నిమిషం.

అంతే. వెర్డీ గెలవలేదు, షిమిజు ఓడలేదు. కానీ 2008 తర్వాత మళ్లీ జే1కి వెళ్లింది వెర్డీ. వారం క్రితం షిమిజును కాపాడిన రూలే ఈసారి ముంచింది.

ఆ రోజు చర్చంతా ఆ స్లైడింగ్ టాకిల్ చుట్టూనే తిరిగింది. కానీ 42 మ్యాచ్‌ల లెక్క చూస్తే అసలు కథ వేరే ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2023 జే2 తుది పట్టిక (42 మ్యాచ్‌లు):

• మచిదా: 26 గెలుపు, 9 డ్రా, 7 ఓటమి – 87 పాయింట్లు, గోల్ తేడా +44
• ఇవాటా: 21 గెలుపు, 12 డ్రా, 9 ఓటమి – 75 పాయింట్లు, గోల్ తేడా +30
• వెర్డీ: 21 గెలుపు, 12 డ్రా, 9 ఓటమి – 75 పాయింట్లు, గోల్ తేడా +26
• షిమిజు: 20 గెలుపు, 14 డ్రా, 8 ఓటమి – 74 పాయింట్లు, గోల్ తేడా +44

ఒకసారి మళ్లీ చూడండి. షిమిజు గోల్ తేడా ఛాంపియన్ మచిదాతో సమానం. ఆ 9-1 మ్యాచ్‌ను పక్కన పెట్టేసినా +36 ఉంటుంది. ఇవాటా, వెర్డీల కంటే అదీ ఎక్కువే. ఓటముల్లో కూడా ఆ రెండింటి కంటే ఒకటి తక్కువ. మచిదా కంటే ఒకటే ఎక్కువ.

ఆట విషయంలో ఛాంపియన్‌కు దగ్గరగా ఉన్న జట్టు, పాయింట్లలో 13 వెనకబడింది. కారణం డ్రాలు.

గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే 0. ఇది అందరికీ తెలిసిందే. కానీ డ్రా అంటే మనకు 'పోలేదులే' అన్న ఫీలింగ్ వస్తుంది. లెక్క మాత్రం అలా ఉండదు. రెండు మ్యాచ్‌లు డ్రా చేసుకుంటే 2 పాయింట్లు. ఒకటి గెలిచి ఒకటి ఓడితే 3. అంటే ఒక డ్రా.. సగం గెలుపు కాదు, మూడో వంతు గెలుపు మాత్రమే. 14 డ్రాలంటే 28 పాయింట్లు చేతికి అందినట్టే అంది జారిపోయాయి.

ఆ 14లో ఏ ఒక్కటి గెలిచినా షిమిజుకు 76 పాయింట్లు వచ్చేవి. 75తో ఉన్న ఇవాటాను దాటి నేరుగా జే1కి వెళ్లేది. ప్లే-ఆఫ్ ఉండేది కాదు, 96వ నిమిషం పెనాల్టీ ఉండేది కాదు. తొలి రోజు మిటోతో 0-0, చివరి రోజు మిటోతో 1-1.. ఈ రెండింటిలో ఒకటి చాలు.

తప్పంతా జె రికార్డో 7 మ్యాచ్‌లదేనా? సగం నిజమే. అకిబా చేతిలోని 35 మ్యాచ్‌ల్లో 20 గెలుపులు, 9 డ్రాలు, 6 ఓటములు. మ్యాచ్‌కు సగటున 1.97 పాయింట్లు. మచిదా సగటు 2.07. సీజన్ అంతా ఇదే వేగంతో ఆడి ఉంటే రెండో స్థానం ఖాయం. కానీ అకిబా వచ్చాక కూడా 9 డ్రాలున్నాయి. అందులో ఆఖరిదే అసలు దెబ్బ కొట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ జబ్బు కొత్తది కూడా కాదు. 2022లో జే1 నుంచి పడిపోయినప్పుడు షిమిజు రికార్డు 7 గెలుపు, 12 డ్రా, 15 ఓటమి. 33 పాయింట్లు. పైన 16వ స్థానంలో బతికి బయటపడ్డ క్యోటోకు 36. ఆ 12 డ్రాల్లో రెండు గెలిచినా షిమిజు క్యోటోను దాటేసేది.

2024: గోల్స్ తగ్గాయి.. పాయింట్లు పెరిగాయి

అలాంటి ఫైనల్ తర్వాత ఏ క్లబ్ అయినా ముందు కోచ్‌ను మారుస్తుంది. షిమిజు మార్చలేదు. అకిబానే కొనసాగించింది. సాంటానా మాత్రం ఉరావా రెడ్స్‌కు వెళ్లిపోయాడు. కెప్టెన్ బాధ్యత కోయా కితగావాకు వచ్చింది. షిమిజు యూత్ జట్టులోనే పెరిగి, ఆస్ట్రియాలో రాపిడ్ వియన్నాకు ఆడి, తిరిగి వచ్చిన ఫార్వర్డ్ ఇతను. గోల్‌లో గోండా, మిడ్‌ఫీల్డ్‌లో 36 ఏళ్ల ఇనుయి అలాగే ఉన్నారు. బార్సిలోనా సొంత మైదానం క్యాంప్ నౌలో ఎయిబార్ తరఫున రెండు గోల్స్ కొట్టిన ఆటగాడు, ఆ వయసులో రెండో డివిజన్‌లో ఆట నడిపించాడంటే మామూలు విషయం కాదు.

జే2 కూడా మారింది. 22 క్లబ్బులు 20 అయ్యాయి. మ్యాచ్‌లు 42 నుంచి 38కి తగ్గాయి. అంటే తప్పు చేస్తే సరిదిద్దుకునే ఛాన్సులు తగ్గాయన్నమాట.

2024 జే2 తుది పట్టిక (38 మ్యాచ్‌లు):

• షిమిజు: 26 గెలుపు, 4 డ్రా, 8 ఓటమి – 82 పాయింట్లు
• యొకోహామా ఎఫ్‌సీ: 22 గెలుపు, 10 డ్రా, 6 ఓటమి – 76 పాయింట్లు
• నాగసాకి: 21 గెలుపు, 12 డ్రా, 5 ఓటమి – 75 పాయింట్లు

ఇప్పుడు గోల్స్ చూద్దాం. 2023లో షిమిజు 78 కొట్టి 34 ఇచ్చింది. 2024లో 68 కొట్టి 38 ఇచ్చింది. మ్యాచ్ సగటు తీస్తే కొట్టినవి 1.86 నుంచి 1.79కి తగ్గాయి. ఇచ్చినవి 0.81 నుంచి సరిగ్గా 1కి పెరిగాయి. గోల్ తేడా +44 నుంచి +30కి పడిపోయింది.

అంటే కాగితం మీద చూస్తే 2024 జట్టు ఎటాక్‌లో కాస్త తగ్గింది, డిఫెన్స్‌లో బాగానే తగ్గింది. అయినా మ్యాచ్‌కు పాయింట్లు 1.76 నుంచి 2.16కి పెరిగాయి!

ఎలా? గోల్స్ ఎన్ని కొట్టారన్నది కాదు, ఏ మ్యాచ్‌లో కొట్టారన్నది తేడా. అక్టోబర్ 27న తొచిగి మీద 1-0తో గెలిచి జే1 బెర్త్ ఖాయం చేసుకున్నారు. ఏడాది ముందు ఇవాటా గెలిచి వీళ్లను వెనక్కి నెట్టింది కూడా ఆ తొచిగిలోనే. నవంబర్ 3న సొంతగడ్డపై ఇవాకి ఎఫ్‌సీ మీద మళ్లీ 1-0. టైటిల్ వచ్చేసింది.

ఇవాకి పేరు గుర్తుందిగా? 2023లో 9-1తో చిత్తు చేసిన జట్టు. ఆ రోజు 9 గోల్స్ కొట్టినా వచ్చింది 3 పాయింట్లే. ఈసారి ఒక్క గోల్ కొట్టినా వచ్చింది 3 పాయింట్లే. కానీ ట్రోఫీ వచ్చింది ఆ ఒక్క గోల్‌తో.

2024లో షిమిజు డ్రాలు నాలుగే అయినా, అందులో ఒకటి బాగా గుర్తుండిపోయే మ్యాచ్. సెప్టెంబర్ 28న టోక్యో నేషనల్ స్టేడియంలో, అంటే ఏడాది క్రితం కన్నీళ్లు పెట్టుకున్న మైదానంలోనే, యొకోహామా ఎఫ్‌సీతో 1-1. టైటిల్ రేసులో ఉన్న రెండు జట్ల పోరు అది. 55,598 మంది వచ్చారు. జే2 చరిత్రలో ఒక మ్యాచ్‌కు అంతమంది రావడం అదే మొదటిసారి. రెండో డివిజన్ మ్యాచ్‌కు!

అదృష్టం పాత్ర లేదా?

ఉంది. ఒక్క గోల్ తేడాతో గెలిచే జట్టు, బంతి ఒకసారి పోస్ట్‌కు తగిలితే డ్రా చేసుకునే జట్టు అవుతుంది. +30 గోల్ తేడాతో 26 మ్యాచ్‌లు గెలవడం ప్రతి ఏడాదీ జరిగే పని కాదు. 2023లో అదృష్టం కాస్త అటు ఉంది, 2024లో కాస్త ఇటు వచ్చింది.

కానీ మొత్తం అదృష్టమే అంటే కుదరదు. డ్రాలు 14 నుంచి 4కి తగ్గినా ఓటములు అవే 8 ఉన్నాయి చూశారా, అదే ఇక్కడ అసలు పాయింట్. సాధారణంగా స్కోరు సమంగా ఉన్నప్పుడు గెలుపు కోసం అందర్నీ ముందుకు పంపితే, వెనక ఖాళీలు ఏర్పడతాయి. కొన్ని గెలుస్తారు, కొన్ని ఓడతారు. మ్యాచ్‌కు సగటున ఇచ్చిన గోల్స్ పెరగడంలో ఆ మూల్యం కనిపిస్తోంది. కానీ ఆ మూల్యం కంటే వచ్చిన లాభం చాలా ఎక్కువ.

నాగసాకిది అచ్చం దీనికి రివర్స్. 38 మ్యాచ్‌ల్లో ఓడింది ఐదే. 74 గోల్స్ కొట్టింది. షిమిజు కంటే 6 ఎక్కువ. కానీ 12 డ్రాలు. చివరికి రెండో స్థానం ఒక్క పాయింట్ తేడాతో పోయింది. యొకోహామా ఎఫ్‌సీ చివరి రోజు యామగుచిలో 0-0 డ్రాతో గట్టెక్కింది. డ్రా కూడా పనికొచ్చే రోజు ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. కాకపోతే ఆ ఒక్క పాయింట్ సరిపోయేలా ముందే గెలిచి పెట్టుకోవాలి.

ప్లే-ఆఫ్‌లో నాగసాకి కథ ఇంకా ఘోరం. డ్రా చేసుకున్నా చాలు అన్న స్థితిలో సొంతగడ్డపై ఆరో స్థానంలోని వెగాల్టా సెండాయ్ చేతిలో 1-4తో ఓడింది. ఇటు ఐదో స్థానంలో ఉన్న ఫాజియానో ఒకాయామా, యామగాటాను 3-0తో ఓడించి, 2024 డిసెంబర్ 7న ఫైనల్లో సెండాయ్‌ను 2-0తో దాటి క్లబ్ చరిత్రలో తొలిసారి జే1కి వెళ్లింది. పట్టికలో నాగసాకి కంటే 10 పాయింట్లు వెనక ఉన్న జట్టు అది!

మొదటి రెండు స్థానాలు ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైందిగా. ఆ గీత దాటితే పది నెలల కష్టానికి గ్యారంటీ ఉంటుంది. దాటకపోతే రెండు మ్యాచ్‌ల లాటరీ.

హైదరాబాద్‌కూ తెలిసిన బాధే

ఈ 'కొద్దిలో పోయింది' బాధ మనకు మరీ దూరమేం కాదు. హైదరాబాద్ కేంద్రంగా ఆడే శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24.. వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. ఆ సీజన్లలో ఐ-లీగ్ నుంచి ఐఎస్ఎల్‌కు వెళ్లింది ఛాంపియన్ ఒక్కటే. 2023లో ఆ ఛాన్స్ పంజాబ్‌కు, 2024లో కోల్‌కతాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్‌కు దక్కింది. అదే జపాన్ పద్ధతి అయితే శ్రీనిధి మొదటిసారే పైకి వెళ్లిపోయేది.

రెండో స్థానానికి టికెట్, ఆ తర్వాతి నాలుగు జట్లకు ప్లే-ఆఫ్ ఉంటే, సీజన్ చివరి వారం దాకా సగం లీగ్ ఆశతో ఆడుతుంది. జే2 మ్యాచ్‌కు 55 వేల మంది రావడం వెనక ఇది కూడా ఒక కారణమే. మన ఫుట్‌బాల్ పెద్దలు చూసి నేర్చుకోవాల్సింది ఆటగాళ్ల టెక్నిక్ ఒక్కటే కాదు.

షిమిజు ముందు నిలిచిన పరీక్ష

పైకి వెళ్లడం ఒకెత్తు, అక్కడ నిలబడటం ఇంకో ఎత్తు. 2023లో పైకి వెళ్లిన మూడు జట్లు 2024 జే1 సీజన్లో ఏమయ్యాయో చూడండి.

• మచిదా: తొలి జే1 సీజన్లోనే 3వ స్థానం
• వెర్డీ: 6వ స్థానం
• ఇవాటా: 18వ స్థానం.. మళ్లీ జే2కి

ఒకే ఏడాది, ఒకే డివిజన్ నుంచి వెళ్లిన జట్లు. రెండు దూసుకెళ్లాయి, ఒకటి తిరుగు టికెట్ తీసుకుంది. అందుకే 2025లో షిజుయోకా డెర్బీ లీగ్‌లో లేదు. షిమిజు పైకి వస్తుంటే ఇవాటా కిందకి వెళ్లింది.

షిమిజు చరిత్ర కూడా భయపెట్టేదే. 2015లో పడిపోయింది. 2016లో సరిసమాన పాయింట్లతో ఉన్న మత్సుమోటోను గోల్ తేడాతో దాటి రెండో స్థానంతో తిరిగొచ్చింది. 2022లో మళ్లీ పడింది. 2024లో మళ్లీ లేచింది. 20 జట్ల జే1లో కిందున్న 3 జట్లు దిగిపోతాయి. ఒక్క గోల్ తేడాతో గెలిచే అలవాటు రెండో డివిజన్‌లో ట్రోఫీ తెచ్చింది. కానీ మ్యాచ్‌కు ఒక గోల్ ఇచ్చే డిఫెన్స్‌కు జే1 స్ట్రయికర్లు ఎదురైతే, ఆ 1-0లు 1-2లు అయిపోయే ప్రమాదం ఉంది.

అలాగని భయపడి మళ్లీ డ్రాల బాట పట్టినా కష్టమే. 2022లో 12 డ్రాలు చేసుకుని కూడా ఆ జట్టు బతకలేదు. కాబట్టి జే1లో షిమిజు స్కోర్లు చూసేవాళ్లు ఒక చిన్న పని చేయండి. గెలుపోటముల కాలమ్ కంటే ముందు మధ్యలో ఉండే డ్రా కాలమ్ చూడండి. తొలి పది మ్యాచ్‌ల్లో అక్కడ ఉన్న అంకె చూస్తే ఆ జట్టు సీజన్ ఎటు పోతోందో సగం అర్థమైపోతుంది.